కొండల మీద నుంచి దించవలసిన పేరు

ఈ కాగితం నా తదనంతరం నా వాళ్ల చేతికి వస్తుంది. లారీ కప్పులు కుట్టే షెడ్డులో పని మొదలుపెట్టి, గుడారాల కంపెనీ పెట్టి, ఏటేటా జనాన్ని వెంటేసుకుని కొండలు దాటించి, అలా పోగైన విరాళాలతో పిల్లలకు కృత్రిమ కాళ్లు పెట్టించి, అందరి నోటా ‘డేరాలమ్మ’ అనిపించుకున్న నేను, తెలివి తేటగా, మనసు స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ బోధనా లేకుండా, నా సొంత ఇష్టంతో ఈ వీలునామా రాయిస్తున్నాను.

వకీలమ్మ అలవాటు కొద్దీ ‘సంపూర్ణ ఆరోగ్యంతో’ అని కూడా రాయబోయింది. ఆ మాట కొట్టేయించాను. నా ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. మేడమీది గదిలో మంచానికి కట్టేసినట్టు ఉన్నాను. ముక్కుకు గొట్టం, పక్కన సిలిండరు. ఒక వాక్యం చెప్పి, కాస్త ఆగి, ఇంకో వాక్యం చెబుతున్నాను. చదివేవాళ్లు కూడా తొందరపడకుండా చదవాలి.

ఇంతకుముందు నేను రాసి రిజిస్టరు చేయించిన వీలునామాను దీనితో పూర్తిగా రద్దు చేస్తున్నాను. అందులో నా ఆస్తిలో అధికభాగం చనిపోయిన నా పెద్దకూతురి పేరిట జరిగే కొండయాత్రలకు రాశాను. రద్దుకు కారణం దాని చోట చెబుతాను. “కారణం అక్కర్లేదమ్మా, రద్దు చేశానంటే చాలు, కోర్టు అడగదు,” అంది వకీలమ్మ. కోర్టు అడగదు. యాత్రల్లో నా వెనక నడిచినవాళ్లు అడుగుతారు.

ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత నా చిన్నకూతురికీ, వకీలమ్మకూ కలిపి అప్పగిస్తున్నాను. ఇద్దరికీ మాట తేడా వస్తే చిన్నదాని మాటే చెల్లుతుంది. ఇది వకీలమ్మ తన చేత్తోనే రాసింది, కాస్త మూతి ముడుచుకుని.

ఒకటి. ఇల్లు.

నా స్వార్జితమైన ఈ రెండంతస్తుల ఇల్లు, అందులోని సామాను సహా, నా తదనంతరం నా భర్తకు, ఆయన తర్వాత మా చిన్నకూతురికి చెందవలసింది. ఆయన బతికున్నంతకాలం దీన్ని అమ్మడానికి గాని, తాకట్టు పెట్టడానికి గాని, ఆయన్ని ఇక్కణ్ణుంచి కదిలించడానికి గాని ఎవరికీ హక్కు లేదు. ముఖ్యంగా ఆయన్ని ఏ పై అంతస్తు ఫ్లాటుకూ మార్చరాదు. ఆయనకు ఎత్తంటే భయం. డాబామీద బట్టలు ఆరేసేటప్పుడు కూడా పిట్టగోడకు ఆమడ దూరంలో నిలబడి తీగమీదకు విసురుతారు.

ఆయన కుట్టుమిషన్ల మెకానిక్కుగా మా షెడ్డుకు వచ్చారు. మిషను కిందినుంచి నూనె చేతులతో లేచి, “తప్పు సూదిది కాదండీ, మీ తొందరది,” అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆ తర్వాత పెళ్లయింది.

కొత్తలో ఒకసారి అడిగాను, నాతో పాటు కొండకు రావచ్చు కదా అని. “నేను కిందే ఉంటాలే. ఎవరో ఒకరు కింద ఉండాలిగా,” అన్నారు. అప్పట్నుంచీ ఆయన కిందే ఉన్నారు. యాత్ర ముందు నా సంచి మాత్రం ఆయనే సర్దేవారు. బరువైనవి వీపుకు ఆనేలా, తడవకూడనివి నడుమ, ముందు కావలసినవి పైన. నేను చెయ్యి పెడితే ఒప్పుకునేవారు కాదు. పెద్దది పోయిన మరుసటి ఏడు కూడా ఆయనే సర్దారు. వద్దనలేదు, వెళ్లమనలేదు. జిప్పు వేశాక సంచి మీద చెయ్యి వేసుకుని కాసేపు అలాగే కూర్చున్నారు. ఆ కూర్చోవడం ఇప్పుడు నా కళ్లముందు ఉంది.

నా చేతిగడియారం ఆయనకు. అది టైముతో పాటు మనం ఎంత ఎత్తున ఉన్నామో కూడా చూపిస్తుంది. నేను ఇల్లు చేరగానే ఆయన దాన్ని పెట్టుకుని, వంటింట్లో స్టూలెక్కి, “ఇదిగో, నేనూ ఎక్కాను,” అని ముల్లు చూపించి గబుక్కున దిగేవారు. పిల్లలిద్దరూ పడీపడీ నవ్వేవాళ్లు. దాని బ్యాటరీ అయిపోతే చిన్నది గుర్తు పెట్టుకుని మార్పించాలి. ఆయన అడగరు.

రెండు. కంపెనీ.

షెడ్డు, దాని వెనక గోదాము, మిషన్లు, కంపెనీలో నా వాటా, సర్వహక్కులతో నా చిన్నకూతురికి దఖలు పరుస్తున్నాను. ఇదేమీ దానం కాదు. ఇన్నేళ్లుగా నడిపిస్తున్నది అదే.

అది మా నాన్న షెడ్డు. లారీల మీద కప్పే టార్పాలిన్లు కుట్టేవారు. టార్పాలిన్ కుట్టినవాళ్ల వేళ్లు చూస్తే తెలుస్తుంది, చివర్లు మొద్దుబారి అరటికాయ తొక్కలా ఉంటాయి. నాన్న పోయాక లారీల పని తగ్గింది. ఆ రోజుల్లో కొండలెక్కే కుర్రకారు సంఘంవాళ్లు వచ్చి చిరిగిన గుడారం చూపించి, ఇలాంటిది కుట్టగలరా అని అడిగారు. ఇంతకంటే మంచిది కుడతానన్నాను. గుడారం అనేదాన్ని అదే మొదటిసారి చూడటం.

కుట్టి ఇచ్చాక మనసు ఆగలేదు. లారీ మీద కప్పు ఎలా నిలుస్తుందో నాకు తెలుసు. ఇది గాలిలో ఎలా నిలుస్తుందో చూడాలి. వాళ్ల వెంట పడి వెళ్లాను, కాన్వాసు బూట్లతో. మూడొంతులు ఎక్కేసరికి కాళ్లు పుళ్లు పడ్డాయి. ఆ సాయంత్రం మంచు మీద నా చేతి కుట్టు గుడారం పసుపుపచ్చగా నిలబడి ఉంటే, దాని లోపల నలుగురు వెచ్చగా కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే, బయట నిలబడి చూశాను. అంత సంతోషం నేను మళ్లీ ఎరగను. నా తర్వాతి బతుకంతా ఆ సాయంత్రంలోంచి వచ్చిందే.

పోయాక జనం నన్ను సాహసి అంటారు, సమాజసేవకురాలు అంటారు. అనుకోనివ్వండి. షెడ్డు గేటు మీద మాత్రం నా బొమ్మ పెట్టవద్దు. అక్కడ ఎప్పటిలాగే ‘ఇచ్చట చిరుగులు కూడా కుట్టబడును’ అన్న బోర్డే ఉండాలి.

మూడు. టకటక.

మా కుట్టు విభాగానికి పెద్దగా ఉన్న అమ్మాయికి, అంటే మేమంతా ‘టకటక’ అని పిలిచే పిల్లకు, నా మొదటి కాలిమిషను ఇస్తున్నాను. ఇప్పుడు షెడ్డులో అన్నీ కరెంటు మిషన్లే. ఇది ఎవరికీ పనికిరాదంటారు. ఆమెకు ఎందుకో ఆమెకు తెలుసు.

చిన్నప్పుడు లారీ కింద పడి మోకాలి దిగువ కాలు పోగొట్టుకుంది. వాళ్ల నాన్న మా షెడ్డులో కట్టింగు మాస్టరు. కృత్రిమ కాలు పెట్టిస్తే అయిపోతుందనుకున్నాం. పెట్టించాం. ఏడాది తిరక్కుండానే షెడ్డు గుమ్మంలో నిలబడి, “అమ్మా, ఇది పొట్టిదైపోయింది,” అంది. పిల్లలు పెరుగుతారు, కాలు పెరగదు. ప్రతి ఏడూ కొత్తది కావాలి, పెరుగుదల ఆగేదాకా. మన ఊరి ఆసుపత్రిలో అలాంటి పిల్లలు ఎంతమంది ఉన్నారో వెళ్లి చూశాక, ఒక ఏడు చందాలడిగి చేతులు దులుపుకునే పని కాదని తెలిసింది.

అలా మొదలైంది యాత్ర. నడవగలిగినవాళ్లు నడుస్తారు, వాళ్ల చుట్టుపక్కలవాళ్లు వాళ్ల పేరు మీద విరాళం ఇస్తారు, ఆ డబ్బుతో నడవలేని పిల్లలకు కాళ్లు. టీచర్లు, షాపువాళ్లు, రిటైరైనవాళ్లు, ఎప్పుడూ కొండ మొహం చూడనివాళ్లు నా వెనక కనుమ దాటారు. పిల్లలు పెరుగుతూనే ఉన్నారు గనక యాత్ర ఏ ఏడూ ఆగలేదు.

కంపెనీ లాభంలో నాలుగో వంతు ఇకమీదట ఎల్లకాలం కాళ్ల నిధికి పోవాలి. ఎవరూ కొండ ఎక్కినా ఎక్కకపోయినా పోవాలి. ఆ నిధి పెత్తనం టకటకది. ఏ కాలు ఎప్పుడు పొట్టిదవుతుందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ కాలిమిషను మీద ఆమె మొదటిసారి తన కొత్త కాలితో పెడలు తొక్కి, “ఇది నా కాలే తొక్కుతోంది,” అని పక్కవాళ్లందర్నీ పిలిచి చూపించింది. అందుకని అది ఆమెదే.

నాలుగు. ‘గూడు’ గుడారం.

మేము ‘గూడు’ అని పేరు పెట్టి అమ్మిన గుడారం నమూనా, దాని కాగితపు కట్టింగులు, దాని మీద నాకున్న హక్కులు ఎవరికీ ఇవ్వడం లేదు. కట్టింగులు నాశనం చేయవలసింది. కంపెనీ దాన్ని మళ్లీ ఎప్పుడూ కుట్టరాదు.

పెద్దది డాక్టరు. చదువైన దగ్గర్నుంచీ ప్రతి యాత్రకూ నాతో వచ్చేది. అందరి నాడులూ చూసేది, ఎవరికి తలనొప్పి వచ్చినా నాకంటే ముందు కనిపెట్టేది. ఆ ఏడు పోస్టాఫీసు గుమాస్తా ఒకాయన మాతో వచ్చారు. నెమ్మదైన మనిషి. బతుకంతా కౌంటరు వెనక స్టూలు మీదే గడిచింది, ఒక్కసారైనా ఎక్కడికైనా నడిచి వెళ్లాలనుందని వచ్చారు. కనుమ కింద ఆయన ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఎత్తు పడకపోతే అలా అవుతుంది, ఎవరికైనా అవుతుంది. అదే సమయంలో మంచుతుఫాను కమ్ముకొచ్చింది. మిగిలినవాళ్లను వెంటనే దించాలి. ఆయన్ని కదిలించే వీలు లేదు.

“నువ్వు వీళ్లని దించమ్మా, నేను ఈయన దగ్గర ఉంటా. తుఫాను తగ్గగానే దింపుతా,” అంది. నేను ఆలోచించలేదు, అదీ ఆలోచించలేదు. నాయకురాలి పని నాది, డాక్టరు పని దానిది. ఉన్న ఒక్క ఆక్సిజన్ సిలిండరూ ఆయనకు పెట్టింది. గుడారం మీద మంచు పేరుకుంటే కూలిపోతుంది, అందుకని మాటిమాటికీ బయటికొచ్చి పారతో తోసేది. అలా బయటికొచ్చినప్పుడు ఒకసారి దాని కాళ్లకింద మంచు విరిగి జారిపోయింది. తుఫాను తెరిపిచ్చాక పైకి వెళ్లినవాళ్లకు గుమాస్తాగారు గుడారంలో ప్రాణంతో దొరికారు. పెద్దది లోయ అడుగున దొరికింది.

గుడారానికి ఒక్క కుట్టు కూడా ఊడలేదు.

అది మంచి గుడారమే. నేనే కుట్టాను. అందుకే ఇక వద్దు.

అయిదు. బావ.

మా మేనత్త కొడుకు, కంపెనీలో అమ్మకాలు చూసినవాడు, నాకు బావ. పెద్దది పోయాక షెడ్డుకు మళ్లీ వెళ్లిన రోజున గోదాములో పోస్టర్ల కట్టలు చూశాను. ‘ఆ తుఫానులోనూ నిలిచిన గూడు’ అని రాసి ఉంది, కింద ధరతో సహా. నన్ను చూసి బావ, “అమ్మాయి పేరు ఎక్కడా వేయలేదమ్మా, మర్యాదగానే రాయించాను,” అన్నాడు. ఆ పూటే తన వాటా తనకిచ్చి పంపేశాను. అప్పట్నుంచీ మా మధ్య మాటల్లేవు.

నేను క్షమించానని ఎవరూ ఆయనకు చెప్పవద్దు. క్షమించలేదు. ఆ మాట ఎంత వెతికినా నా లోపల దొరకడం లేదు. ఆ కట్టలు ఇంకా గోదాము మూల ఉంటే, ‘గూడు’ కట్టింగులతో కలిపి కాల్చండి.

అయితే చిన్నప్పుడు నాకు సైకిలు నేర్పింది ఆయనే. వెనక సీటు పట్టుకుని వీధి చివరిదాకా పరిగెత్తేవాడు, వదిలేశానని చెప్పకుండా వదిలేసేవాడు. ఇప్పుడు ఆయనకు నడుంనొప్పి, ఎక్కడా కూర్చోలేకపోతున్నాడని విన్నాను. కొండమీదకు నేను మోసుకెళ్లే మడత కుర్చీ ఆయనకు పంపండి. నడుం దగ్గర పట్టీ నేనే మార్చి కుట్టాను, హాయిగా ఉంటుంది. ఎవరు పంపారో చెప్పనక్కర్లేదు. కుట్టు చూస్తే ఆయనకే తెలుస్తుంది.

ఆరు. పాత వీలునామా రద్దుకు కారణం.

పెద్దది పోయిన మరుసటి ఏడు నేను యాత్ర ఆపలేదు. ఆపితే అది చేసిందంతా దండగైపోతుందనిపించింది. యాత్రకు దాని పేరు పెట్టాను. కనుమ దగ్గర రాళ్లు పేర్చి, దాని పేరు చెక్కిన ఇత్తడి పలక బిగించాను. ప్రతి ఏడూ ఆ పలక ముందు నిలబడి, కొత్తగా వచ్చినవాళ్లకు చెప్పేదాన్ని: నా బిడ్డకు ఈ కొండలంటే ప్రాణం, అది ఇక్కడే ఉంటుంది అని. వాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు. నాకు కొంచెం తేలికయ్యేది.

గుమాస్తాగారు మళ్లీ కొండ ఎక్కలేదు, ఎక్కగూడదన్నారు డాక్టర్లు. కాని ప్రతి ఏడూ మేము బయల్దేరేటప్పుడు బస్సుదాకా వచ్చేవారు. పోస్టాఫీసులో అందరి చేతా కాళ్ల నిధికి ఇప్పించి, ఆ కవరు టకటక చేతికిచ్చి, దూరంగా నిలబడేవారు. నేను తలాడించేదాన్ని, అంతే. ఆయన మీద నాకు కోపం లేదు. ఆ మొహం చూస్తే మాత్రం, ఈయన ఉన్నాడు, అది లేదు అనిపించేది. చూపు తిప్పుకునేదాన్ని. ఆయనకూ ఆ సంగతి తెలుసు, దగ్గరికి వచ్చేవారు కాదు.

ఈమధ్య ఊపిరి అందకపోవడం ఎక్కువైంది. చుట్టూ ఉన్నవాళ్లెవరికీ అది ఎలా ఉంటుందో తెలియదు. డాక్టరుకు కూడా పుస్తకంలో తెలిసినంతే. తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారని తట్టి, గుమాస్తాగారికి కబురు పంపాను. వచ్చారు. చెప్పులు గుమ్మం బయటే వదిలి, కుర్చీ అంచున కూర్చున్నారు.

అడిగాను, చివరికి ఎలా ఉంటుందని.

“మొదట భయమేస్తుందమ్మా. తర్వాత అలసట వస్తుంది. అలసట వచ్చాక అంత భయముండదు,” అన్నారు. “పక్కన మనిషి మాట్లాడుతుంటే ఇంకా నయం. అమ్మాయిగారు మాట్లాడుతూనే ఉన్నారు. నిద్రపోనివ్వకుండా.”

ఏం మాట్లాడిందని అడిగాను. ఇన్నేళ్లలో ఎన్నడూ అడగలేదు. ఆయన తల వంచుకున్నారు. “ఏవో కబుర్లమ్మా,” అన్నారు. నేను చూపు తిప్పుకోలేదు. అప్పుడు చెప్పారు.

అది ఆయనకు ఒక గది గురించి చెప్పిందట. కొండ దిగాక బస్టాండు దగ్గర రోడ్డు మీదికే ఉండే గది ఒకటి అద్దెకు తీసుకుంటుందట. మెట్లు ఉండకూడదట, మోకాళ్లనొప్పుల ముసలివాళ్లు వస్తారు గనక. బయట వీపు ఆనేలా ఒక బల్ల వేయిస్తుందట. బస్సు కోసం కూర్చున్నవాళ్లు కూడా కూర్చోవచ్చట, జబ్బు లేకపోయినా ఫర్వాలేదట. “ఎత్తులు చాలండీ నాకు. అలిసిపోయాను. వచ్చే ఏడు రాను. అమ్మకి ఇంకా చెప్పలేదు, దిగాక చెప్తాను. ఏమంటుందో ఏమో,” అని నవ్విందట. నవ్వి, మంచు తోసి వస్తానని పార పట్టుకుని బయటికి వెళ్లిందట.

“ఎన్నోసార్లు చెబుదామని వచ్చానమ్మా. బస్సు దగ్గర ఆ పేరున్న జెండా పట్టుకుని నిలబడ్డ మిమ్మల్ని చూస్తే నోరు పెగల్లేదు,” అన్నారు గుమాస్తాగారు.

చిన్నది మందులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. దాని మొహం చూశాను. అందులో ఆశ్చర్యం లేదు.

“నీకు తెలుసా?” అన్నాను.

“తెలుసమ్మా. అక్క నాతో అంది.”

“ఎందుకు చెప్పలేదు?”

“చెప్తే నీకేం మిగిలేది?” అంది. మందు గ్లాసులో పోసి ఇచ్చింది.

ఆ సాయంత్రం మా ఆయన్ని అడిగాను. నా దుప్పటి సర్ది మంచం అంచున కూర్చున్నారు. తర్వాత అన్నారు: “ఆ ఏడు నీ సంచి సర్దుతుంటే నా పక్కన కూర్చుంది. ‘కింద ఉంటే ఎలా ఉంటుంది నాన్నా?’ అని అడిగింది. వేళాకోళానికి అడిగిందనుకున్నాను. బోరు కొడుతుందే అన్నాను.” ఆ మాట చెప్పి ఆయన ఏడ్చారు. ఇన్నేళ్లలో నా ఎదుట ఆయన ఏడవడం అదే మొదటిసారి.

ఇదీ కారణం. చనిపోయిన నా బిడ్డను ఇన్నేళ్లూ అది వదిలి వద్దామనుకున్న చోటే ఉంచాను. అది కిందికి వస్తానంటోంది. దించాలి.

ఏడు. గది, పలక.

బస్టాండు రోడ్డు మీదికి తెరుచుకునే మా షోరూం గదిని కంపెనీ ఆస్తిలోంచి విడదీసి, అక్కడ రోగుల్ని చూసే గది పెట్టడానికి శాశ్వతంగా ఇస్తున్నాను. గుమ్మం ముందున్న రెండు మెట్లు తీయించి వాలు కట్టించాలి. వయసులో ఉన్న డాక్టరునెవరినైనా జీతమిచ్చి పెట్టాలి. ఓపికున్నవాళ్లయితే చాలు. బయట వీపు ఆనే బల్ల వేయాలి, ఎండ పడకుండా పైన గుడ్డ కప్పు. ఆ కప్పు టకటక కుడుతుంది. జబ్బు లేనివాళ్లను కూడా ఆ బల్ల మీద కూర్చోనివ్వాలి. ఇది షరతు.

కనుమ దగ్గరి ఇత్తడి పలకను విప్పి తెచ్చి ఆ గది తలుపుకు బిగించాలి. ఇకమీదట ఏ యాత్రకూ దాని పేరు పెట్టరాదు.

పలక ఎవరు తెస్తారని వకీలమ్మ అడిగింది. “నేను తెస్తా,” అంది చిన్నది. కొండ వైపు ఎన్నడూ కన్నెత్తి చూడని పిల్ల. అక్క పోయాక, “నువ్వు ఆగవని తెలుసు, జెండా ఊపడానికి నన్ను మాత్రం రమ్మనకు,” అన్న పిల్ల. దాని నోట ఆ మాట విన్నాను. అది కనుమ ఎక్కుతున్నట్టు, నేను ఈ మంచం మీద ఉన్నట్టు, ఫోను మోగనట్టు ఊహ వచ్చింది. ఆ ఒక్క నిమిషంలో తెలిసింది, నేను వెళ్లినప్పుడల్లా ఈ ఇంట్లో కింద ఉన్నవాళ్లు ముద్ద ఎలా మింగారో.

వద్దని రాయించలేను. ఎందరి బిడ్డల్నో తీసుకెళ్లినదాన్ని. షరతు కాదు, బతిమాలుకుంటున్నాను: వాతావరణం బాగున్న నెలలో వెళ్లు. దారి తెలిసినవాళ్లతో వెళ్లు. నాన్నకు రోజూ ఫోను చెయ్యి. సంచి ఆయన్నే సర్దనివ్వు.

ఎనిమిది. యాత్రలు, సామాను.

యాత్ర నడపాలనుకునేవాళ్లు నడుపుకోవచ్చు. ఎవరి ఇష్టం వాళ్లది. నా పేరు మీద గాని, నా కోసం గాని ఎవరూ ఎక్కవద్దు. పిల్లల కాళ్లు ఇక ఎవరి నడక మీదా ఆధారపడి లేవు. తాళ్లలో పాతవి ముక్కలు చేసి పారేయండి, వాటిని నమ్మి ఎవరూ వేలాడకూడదు. మంచి తాళ్లు, గొడ్డళ్లు, స్టవ్‌లు కుర్రకారు సంఘానికి. నా బూట్లు ఎవరికీ సరిపోవు.

తొమ్మిది. నా ఒళ్లు.

నన్ను కొండమీదకు మోయవద్దు. ఈ ఊళ్లోనే, పెద్దదాన్ని కిందికి తెచ్చి మట్టి చేసిన చోటే, మా ఆయన నడిచి రాగలిగే దూరంలో ఉంచండి. ఉపన్యాసాలు వద్దు. వచ్చినవాళ్లకు కూర్చోవడానికి నీడ ఉండేట్టు చూడండి, షెడ్డులో గుడ్డకు కొదవ లేదు.

పది. చిన్నదానికి.

కంపెనీ నీకు రాశాను, ఇల్లు తర్వాత నీదే. అవి కాగితం మీద ఆస్తులు. నీకని విడిగా ఇవ్వడానికి ఏముందా అని రెండు రోజులుగా వెతుకుతున్నాను. నగలు నేను పెట్టుకోలేదు. ఫోటోలన్నిట్లో నేనూ అక్కా ఉన్నాం, కొండల మీద. నువ్వున్న ఫోటోలు తీసింది నాన్న. వాటిలో నేను లేను.

నీ పుట్టినరోజులు చాలావాటికి నేను ఊళ్లో లేను. నువ్వు ఒక్కసారీ అడగలేదు. నేను దిగి వచ్చేసరికి షెడ్డు తాళాలు నీ నడుముకు ఉండేవి, పనివాళ్ల జీతాలు అందేవి, నాన్న నవ్వుతూ ఉండేవారు. అవన్నీ వాటంతటవే జరుగుతున్నాయనుకున్నాను.

ఇప్పుడు నువ్వు కిటికీ దగ్గర కూర్చుని నా దుప్పటి అంచు కుడుతున్నావు. కుట్టు చిన్నగా, దగ్గరగా వేస్తున్నావు, నాకంటే బాగా. ఇది నేను చెబుతుంటే వింటూ తలెత్తకుండా కుడుతున్నావు. వకీలమ్మ రాయడం ఆపి నీవైపు చూస్తోంది. రాయమను.

నీకు ఇవ్వగలిగింది ఇదొక్కటే. నువ్వు ఎవరి పేరూ మోయనక్కర్లేదు. అక్క పేరు తలుపు మీద ఉంటుంది, నా పేరు ఈ కాగితం అడుగున ఉంటుంది. షెడ్డు గుడారాలే కుట్టాలని లేదు. నీకు నచ్చింది కుట్టించు. విసుగొస్తే అమ్మేయి. కాళ్ల నిధి మాత్రం చూసుకో. ఇది చదివిన రోజున ఇంటికెళ్లి, నాన్నకు పెట్టి, నువ్వు కూడా తిను.

పదకొండు. గుమాస్తాగారు.

పెద్దదాని ఎర్ర కోటు నా దగ్గర ఉంది. దిగేటప్పుడు నాకు చలేస్తోందని అది తనది నాకు తొడిగి, పాతది ఏదో వేసుకుని ఉండిపోయింది. ఈ కోటు గుమాస్తాగారికి రాద్దామని ఆయన్ని పిలిపించాను. రెండో సాక్షిగా సంతకం కూడా ఆయన్నే పెట్టమన్నాను.

వకీలమ్మ కుదరదంది. “ఈ కాగితం వల్ల ఏదైనా పొందే మనిషి సాక్షిగా ఉండకూడదమ్మా. కోటైనా సరే. ఏదో ఒకటే.”

ఆయన చేతిలోకి అప్పటికే కోటు ఇచ్చాను. ఒళ్లో పెట్టుకుని ఉన్నారు. చేతుల మడతలు సరిచేశారు. కాలరు దగ్గర ఊడబోతున్న గుండీని బొటనవేలితో నొక్కి చూశారు. లేచి, కోటు తెచ్చి నా మంచం మీద, నా చెయ్యి అందే చోట పెట్టారు.

“సంతకమే పెడతానమ్మా,” అన్నారు.

కాబట్టి ఆయనకు నేను ఏమీ ఇవ్వడం లేదు. వకీలమ్మ కలం నాకిచ్చి, ముందు నన్ను పెట్టమంది.

పై విషయాలన్నీ నాకు చదివి వినిపించగా విని, నేను చెప్పినట్టే ఉన్నాయని ఒప్పుకుని, ఇద్దరు సాక్షుల ఎదుట, నా ఇంటి మేడమీది గదిలో, పగటి వెలుతురులో, మార్చి నెల పద్నాలుగో తారీఖున సంతకం చేస్తున్నాను.

(సంతకం) డేరాలమ్మ

సాక్షులు:

1. నాకు వైద్యం చేస్తున్న డాక్టరు. నేను తెలివిలోనే ఉన్నానని చూసి సంతకం చేశారు.

2. పోస్టాఫీసు గుమాస్తా, రిటైర్డు. నా పెద్దకూతురు చివరిగా మాట్లాడిన మనిషి.